కప్పుమీద గొర్రె, రేవులో తిమింగలం

ఆ మంగళవారం మా పేపరు మొదటి పేజీ ఖాళీ. ఎడిటరు పన్ను పీకించుకోడానికి పెద్ద దీవిలోని టోర్షావ్న్ పట్నం వెళ్లి, దవడ వాచి అక్కడే ఉండిపోయాడు. టెలిఫోను తీగ తెగింది, బయటి వార్త ఒక్కటీ రాదు. సాయంత్రం ఓడలో పేపరు కట్టలు ఎక్కించకపోతే అచ్చుయంత్రాన్ని చేపల కంపెనీకి అమ్మేస్తానని యజమాని అప్పటికే బెదిరించి ఉన్నాడు. ఆఫీసులో ఉన్నది నేనొక్కదాన్ని.

'ముప్పై ఏళ్ల కిందట ఇదే రోజు' అంటూ మొన్నటి పేపర్లో ఆ పేజీ శీర్షికలు మళ్లీ వేశారు. మా అల్లికల గుంపు రాగ్నా వంటింట్లో చేరినప్పుడు మార్యున్ వాటిని పైకి చదివింది. "పాస్టరుగారి ఇంటికప్పుమీద గొర్రె. పోయిన తపాలా సంచి దొరికింది. పొగమంచు విడిపోయింది. రేవులో తిమింగలం." ఒక్కరోజే! మా దీవిలో! అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"నవ్వకండే," అన్నాను. "అవి జరిగినవి కావు. నేను జరిపించినవి."

"మొదలెట్టిందమ్మా ఎల్స్పక్క," అంది మార్యున్.

"విను ముందు. జరగనిది రాయకూడదని నా పట్టు. పేజీ మాత్రం నిండాలి. అంటే ఏదో ఒకటి జరగాలి, జరక్కపోతే జరిపించాలి, అంతే కదా? చిన్నదానితోనే మొదలుపెట్టాను. కొండవాలున ఒక గొర్రె మేస్తోంది. పాస్టరుగారి ఇంటికప్పుమీద పరిచిన పచ్చిక మోకాలెత్తు పెరిగి ఉంది. గొర్రెని భుజాన వేసుకుని నిచ్చెనెక్కి పైన వదిలాను. పాస్టరుగారు కిందనించి ఒకటే కేకలు, 'ఎల్స్పా, దాన్ని దించు!' అని. 'దించుతాను గురువుగారూ, అచ్చయ్యాక' అన్నాను."

"నువ్వా? కాఫీ కెటిలే రెండు చేతుల్తో ఎత్తుతావు!"

"అప్పటి నా చేతులు వేరు. సరే, ఒక్క గొర్రెతో పేజీ నిండుతుందా? ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? చలికాలంలో తపాలా సంచి సముద్రంలో పడిపోయింది కదా, దానికోసం రేవు చివర్నించి దూకాను. అడుగున ఒక ముసలి కాడ్ చేప, మన పాస్టరుగారంత లావున, సంచిమీద కూర్చుని ఉంది. లెమ్మన్నాను, లేవలేదు. మా అమ్మ కసిరినట్టు ఒక్క కసురు కసిరాను, అప్పుడు లేచింది. ఒక్క ఉత్తరం తడవలేదు."

"సముద్రం అడుగున తడవలేదా?"

"పైన చేప కూర్చుంది కదే! బయటికొచ్చేసరికి చుట్టూ పొగమంచు. ఓడ దారి తెలీక దూరంగా కూతలు పెడుతోంది. ఓడ రాకపోతే నేను ఎన్ని వార్తలు రాసి ఏం లాభం? యంత్రం చేపలవాళ్ల పాలు. అటూ ఇటూ చూస్తే పొగమంచు కొస ఒకటి చర్చి శిఖరానికి తగులుకుని వేలాడుతోంది. పట్టుకుని లాగాను. ఉన్నిలా ఊడొచ్చింది! మోచేతికి చుట్టుకుంటూ ఊరంతా నడిచాను. ఆ ఉండ మా గుమ్మంలో పట్టలేదు. దాంతో మూడు స్వెట్టర్లు అల్లాను. వాటిని ఉతికి ఆరేసినప్పుడల్లా పట్టపగలు వీధిలో దీపాలు వెయ్యాల్సొచ్చేది."

మార్యున్ కుట్లు జారిపోయాయి. "ఇంకా ఉందా?" అంది.

"అసలుది ఇప్పుడే. పొగమంచు పోయి చూస్తే, కెప్టెను విసిగిపోయి ఓడని వెనక్కి తిప్పేస్తున్నాడు. నేను ఊరుకుంటానా? అటుగా పోతున్న తిమింగలాన్ని కేకేశాను. చర్చి గంట తాడు ఒక కొస దాని తోకకి, ఇంకో కొస రేవు గుంజకి కట్టి, పద అన్నాను. లాగింది చూడు, దీవి కదిలింది! ఓడ మన దగ్గరికి రాకపోతే ఏం, మనమే ఓడ దగ్గరికి పోయాం. కట్టలు చేతిలోంచి చేతికి అందించాను."

"మరి దీవి కదిలిందని వెయ్యలేదేం?"

"నమ్మరని."

"మళ్లీ యథాస్థానంలో పెట్టావా?"

"కాస్త వంకరగా పెట్టాను. అందుకే ఈ వంటింట్లోకి ఎండ రాదు."

రాగ్నా అంతసేపూ మేజోడు మడమ అల్లుకుంటూ ఉంది. ఇప్పుడు సూదులు ఒళ్లో పెట్టుకుంది.

"ఎల్స్పక్కా, కప్పెక్కిన గొర్రె మా నాన్నది."

"అవునవును, మంచి గొర్రె."

"ఆ మంగళవారానికి ముందే, శరత్కాలంలోనే దాన్ని కోశాం. ఆ రోజుకి దాని తొడలు మా మాంసం ఎండబెట్టే కొట్లో వేలాడుతున్నాయి. ఇక కప్పెక్కడానికి మిగిలిందేది?"

మార్యున్ నావైపు తిరిగింది.

"ఆ నాలుగూ అంతకు ముందటేడు వార్తలు," అంది రాగ్నా. "అచ్చక్షరాలు విప్పకుండా అటకమీద పెట్టిన పాత పేజీని దించి, తేదీ మార్చి కొట్టావు."

"మరి మాకెవరికీ తెలీలేదేం?" అంది మార్యున్.

"ఇక్కడ ఏటా ఏదో ఒక గొర్రె కప్పెక్కుతుంది, ఏదో ఒక తిమింగలం రేవులోకొస్తుంది. ఎవరు పట్టించుకుంటారు? నాకు తెలిసింది. ఎందుకంటే ఆ పేజీ అడుగున హోగ్నితో నా నిశ్చితార్థం ఉంది. ఆ ఏడాది తిరక్కుండానే అది తెగిపోయింది. ఉంగరం అతని మొహాన కొట్టి వచ్చాను. నీ పేపరు చూసి, కలిసిపోయారట అని ఊరంతా దుప్పట్లు, గిన్నెలు పట్టుకుని వచ్చేసింది. హోగ్ని మేనమామ పొట్టేలుని తోలుకొచ్చి మా పెరట్లో కట్టేసి పోయాడు. పొట్టేలుని వెనక్కి తీసుకుపొమ్మని ఎవరికి చెప్పను? అది నిలవలేక అరుస్తుంటే, మేత వెయ్యడానికి హోగ్నే రోజూ రావాల్సొచ్చింది."

అప్పుడు వంటిల్లు ఎగిరిపోయేలా నవ్వారు. పక్క గదిలో పొయ్యి దగ్గర కునికిపాట్లు పడుతున్న హోగ్ని లేచి, "ఏమైందే?" అన్నాడు.

"ఏం లేదు, పడుకో," అని రాగ్నా నావైపు తిరిగింది. "మర్నాడే సవరణ వెయ్యమని వానలో తడుస్తూ నీ ఆఫీసుకొచ్చాను. బల్ల గుద్ది అడిగాను. ఏమన్నావో గుర్తుందా?"

గుర్తులేకేం. ఆ ఒక్క ముక్క సవరించానంటే ఎందుకు తప్పొచ్చిందని అడుగుతారు, పేజీ మొత్తం బయటపడుతుంది, సాయంత్రానికల్లా యంత్రం చేపల కంపెనీలో ఉంటుంది. "మా పేపర్లో సవరణలు వెయ్యం" అన్నాను.

"పోనీ ఇప్పుడు వెయ్యి," అంది రాగ్నా. "ఆలస్యమైనా ఫరవాలేదు."

తర్వాత నేనే ఎడిటర్నయ్యాను. చేపల ధరకి సవరణ వేశాను, పాస్టరుగారి వయసుకి వేశాను, ఒకసారి బతికున్న మనిషి చావుకి కూడా వేశాను. రాగ్నా నిశ్చితార్థానికి మాత్రం వెయ్యకూడదని ఆ రోజు, ఆమె శాలువానించి నీళ్లు నా బల్లమీద కారుతుండగా నిర్ణయించుకున్నాను. వెయ్యలేదు. ఇప్పుడిక సవరించడానికి అందులో తప్పేముంది?