మీగడ రంగు, దాని తమ్ముడు

“నవ్వకండి. గొప్పలు చెప్పుకునే రకాన్ని కాదు నేను. చెప్పుకోడానికి ఏముంది గనక! కొట్లో నా మాట ఎవడూ వినడు, ఇంట్లో అయితే నాకసలు మాటే లేదు. అలాంటిది ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడ నన్ను ఒక్కటంటే ఒక్క విషయం తేల్చమంది. పడగ్గదికి ఏ రంగు వేయాలో. ‘ఇదైనా మీరు తేల్చండి, వారంలోగా తేల్చకపోతే నేనే తేల్చేస్తా’ అంది. అంటే చూడండి, నా పరువంతా ఇప్పుడు ఆ గోడ మీదే ఉంది.”

కళ్ళజోళ్ళ కొట్టాయన ఇలా మొదలుపెట్టాడంటే టీ కొట్టు బెంచీ మీద ఉన్న మేమంతా ఇంకో టీ చెప్పాల్సిందే. ఇవాళ పక్కన ఆయన బావమరిది కూడా ఉన్నాడు.

“బావా, ఆ గది సంగతే...” అనబోయాడు అతను.

“ఆగరా, మధ్యలో అడ్డుపుల్ల వేయకు! ఎక్కడున్నాను? ఆఁ, రంగుల కొట్టువాడు రెండు నమూనా ముక్కలు నా చేతిలో పెట్టాడు. రెండూ లేత గోధుమే. ఒకటి మీగడ రంగట, రెండోది దాని తమ్ముడిలా ఉంది, ఎండు ఇసుకట. మా ఆవిడ రెండూ ఒకటే అంది. మా అత్తగారు ఒకటే అంది. అమ్మినవాడూ ఒకటే అన్నాడు. నేను మాత్రం చూశా. కాదండీ! మీగడలో మధ్యాహ్నం ఉంది, ఇసుకలో సాయంత్రం ఉంది.”

“ఎక్కడుంది?” అన్నాడు బెంచీ చివరనున్న టైలరు.

“కనబడాలంటే కన్నుండాలి నాయనా. పేంటరు ఆ రెండూ గోడ మీద రెండు పట్టీలు వేసి పోయాడు. నేను ఎదురుగా స్టూలు వేసుక్కూచున్నా. మంచం, బీరువా అన్నీ హాల్లోకి చేరాయి. మా ఆవిడ బీరువాకీ సోఫాకీ మధ్య ముడుచుకుని పడుకుంటోంది. నేను లేస్తేగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెప్ప వేయకుండా చూడగా చూడగా, ఆ రెండింటి మధ్యలోంచి ఇంకో రంగు బయటికొచ్చింది. దాని వెనకే ఇంకోటి. చీకటి పడేసరికి వందయ్యాయి. గోడ చాలక పైకప్పు మీదికి పాకాయి.”

“పాకాయా!” టీ కొట్టు బాబాయి స్టవ్ తగ్గించాడు.

“పాకవూ మరి! అప్పుడే కిటికీలోంచి ఓ ఊసరవెల్లి దిగింది. గోడ ఎక్కింది. ఏ రంగుకి మారాలో పాపం దానికి పాలుపోలేదు. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది, నా మొహం కేసి చూస్తుంది. నేను వేలు పెట్టి ‘ఇది’ అని చూపించాక మారింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే వచ్చి నన్నడిగే మారుతోంది.”

“అబ్బో!”

“ఇంకా ఉంది. ఈ సంగతి రంగుల కంపెనీ వాళ్ళ చెవిన పడింది. ఇంజనీర్లు మిషను మోసుకుంటూ వచ్చారు, రంగులో తేడా కొలిచేది. గోడకి ఆనించారు. అది కాసేపు గుర్రుమంది, పొగలు కక్కింది, చివరికి ‘నన్ను వదిలేయండి, ఆయన్నే అడగండి’ అని అచ్చేసి కాగితం బయటికి తోసింది. అంతే, అందరూ నా కాళ్ళ మీద పడ్డారు.”

టైలరుకి పొలమారింది. బావమరిది మళ్ళీ అందుకున్నాడు. “బావా, నిన్న అక్క...”

“ఉండరా, ఇంజనీర్లు ఇంకా నా కాళ్ళ మీదే ఉన్నారు. వాళ్ళని లేవనీ.”

“సరే గానీ గురువుగారూ, చివరికి ఏం తేల్చారు?” అన్నాన్నేను.

“అదీ అడగాల్సిన మాట! ఇవాళ పొద్దున్నే ఆ గోడని ఆఖరిసారి కళ్ళారా చూసుకుని తేల్చేశా. మీగడే! ఇప్పుడు ఇంటికెళ్ళి మా ఆవిడ ముందు నిలబడి చెప్తా. కాపురంలో మొదటిసారి నా మాట చెల్లబోతోంది.”

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. “ఏ గోడ బావా? అక్క ఇచ్చిన వారం మొన్నటితో అయిపోయింది. నిన్న నువ్వు కొట్లో ఉండగా అక్క పేంటర్ని పిలిపించి గది మొత్తం వేయించేసింది. ఆకుపచ్చ.”

కొట్టాయన గిరుక్కున బావమరిది వైపు తిరిగాడు.

“పొద్దున్న ఆ గదిలోనే అద్దం ముందు నిలబడి తల దువ్వుకున్నావు. నువ్వేమంటావో అని అక్క గుమ్మంలో గుండె చిక్కబట్టుకుని నిలబడింది. నువ్వు గోడలన్నీ ఓసారి తేరిపార చూసి, ‘ఇవాళ గాలి బాగా ఆడుతోందే’ అని చెప్పులేసుకుని వచ్చేశావు.”

బెంచీ బెంచీ అంతా పగలబడి నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

“ఒక్కటంటే ఒక్కటి నాకొదిలింది కదరా,” అన్నాడు దిగులుగా. “అదీ చేజేతులా పోగొట్టుకున్నా.” గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఉన్నట్టుండి తలెత్తాడు.

“ఒరేయ్, ఆకుపచ్చ అంటే ఏ ఆకుపచ్చరా? చిలకపచ్చా, పెసరపచ్చా? రెంటికీ చాలా తేడా ఉంది.”

“నన్నడుగుతావేంటి బావా,” అన్నాడు బావమరిది. “చూసొచ్చింది నువ్వు.”