ఆరో పాఠం

ఆదివారం సిద్దిపేట కోడింగ్ గ్రూపు మీటింగ్ అయిపోయి అందరూ వెళ్లాక, ఒక అమ్మాయి మాత్రం మిగిలింది. గ్రూపు నడిపే అతను వారం రోజులుగా భయపడుతున్నది ఆమెకే.

"అన్నా, హైదరాబాద్ కాన్ఫరెన్స్‌ల మీరు మాట్లాడిన వీడియో చూసిన. వెబ్‌సైట్లు తయారుచేసుడు మీద నేను రాసిన పాఠాలు చూపెట్టిన్రు."

"నీ పేరు చెప్పాల్సుండె చెల్లే. నేనే రాసినట్టు చెప్పిన. తప్పయింది."

"పేరు కోసం రాలేదన్నా. ఆరో పాఠంల పాస్‌వర్డులు దాచే కోడ్ నేను తప్పు రాసిన. అట్లనే చేస్తే అందరి పాస్‌వర్డులు బయటపడ్తయి. దిద్దమని మీకు కాన్ఫరెన్స్‌కు ముందే మెసేజ్ పెట్టిన. ఇంకా అట్లనే ఉన్నది."

"మెసేజ్ చూడలేదు."

"పాఠమన్నా చదివిన్రా?"



"లేదు."

"స్టేజీ మీద ఒక్కొక్క లైను మూడుసార్లు సరిచూసిన అంటిరి గదన్నా. గా మాట విని, దిద్దిన్రనే అనుకున్న."