నడక: రాలేదు

కాదమ్మా, సంతకం ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ శిశుగృహంలో ఆయాని. నేను పెట్టిన సంతకాలన్నీ వరసగా పరిస్తే ఊరు దాటి ఇంకో ఊరికి రోడ్డు పడుతుంది. పెట్టనని ఎవరన్నారు? కాసేపు ఆగండి అంటున్నాను, అంతే. మీ వ్యాను గేటు దగ్గరే ఉంటుంది, దాన్నెవరూ చంకనేసుకుని పోరు.

కూర్చోండి. అయ్యయ్యో, అది పిల్లల కుర్చీ! అందులో ఇరుక్కున్నారంటే మిమ్మల్ని పైకి లాగడానికి పదిమంది కావాలి. ఇదిగో, ఈ స్టూలు. ఊగుతుంది కానీ పడెయ్యదు. ఇప్పటిదాకా నలుగురు ఆఫీసర్లనే పడేసింది.

ఆలస్యమవుతోందా? అవనివ్వండి. పదహారు నెలల పసిదాన్ని పొద్దున బయల్దేరితే చీకటి పడేదాకా ప్రయాణం చేసేంత దూరం పంపిస్తున్నారు. దానికి కూడా తొందరేనా తల్లీ? కాళ్ళు పనిచేయని పిల్లల కేంద్రమా? ఎవరి కాళ్ళు? దీనివా? చూడండి దీన్ని. మేం దొరసాని అంటాం. నా ఒళ్ళో కూర్చుని మీ మెళ్ళో బ్యాడ్జీని ఎలా చూస్తోందో! చేతికందిందంటే మీ ఉద్యోగం దాని నోట్లోకి పోయినట్టే.

ఏమిటీ, కంప్యూటర్లో దీని పేరు కింద ఎర్రగీత వచ్చిందా? రాదూ మరి! ఎర్రగీతల కోసమే కదా ఆ పథకం పెట్టారు.

పసిపిల్లల వికాస పథకం. పేరు బాగానే ఉంది, నేను కాదన్నానా? పిల్లకో పట్టిక ఇచ్చారు. పట్టికా అది, దుప్పటి! చలేస్తే ముగ్గురు పిల్లలకి కప్పొచ్చు. తొమ్మిదింటికి నవ్వించాలి. పది నుంచి పదీ ఇరవై దాకా అనుబంధం. అనుబంధమంటే ఏమిటో ఇన్నేళ్ళకి నాకు నేర్పించారు: ఒళ్ళో కూర్చోబెట్టుకుని కళ్ళలోకి చూడాలట. పదీ ఇరవై ఒకటికి దించెయ్యాలి. ఎందుకంటే నా ఒడి ఒకటి, పిల్లలు తొమ్మిదిమంది. అనుబంధం మధ్యలో పిల్ల నా ఒడి తడిపేస్తే ఏ గడిలో టిక్కు పెట్టాలండీ అని శిక్షణకొచ్చినాయన్ని అడిగాను. మూడు రోజులు ఆలోచించి, జ్వరం తెచ్చుకుని వెళ్ళిపోయాడు. మీరు నవ్వుతున్నారు, కావాలంటే వంటమనిషిని అడగండి.

బొమ్మలా? ఎందుకు రాలేదు, మూడు పెట్టెలు వచ్చాయి. మెదడు పెరిగే బొమ్మలట. పిల్లలు నోట్లో పెట్టుకుంటే పాడైపోతాయని సూపరింటెండెంటుగారు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఈపాటికి ఆ బీరువాకి మెదడు బాగా పెరిగుంటుంది.

ఇంక దీని తల్లి సంగతంటారా? హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పిల్లని గదిలో పెట్టి తాళం వేసుకుని పనికి పోయింది. ఏడుపు విని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు, మీవాళ్ళు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. తప్పే. తప్పు కాదని నేననను. కోర్టు ఏమంది? తల్లుల క్లాసుకి వెళ్ళు, ప్రతి గురువారం ఒక గంట పిల్లతో గడుపు, ఆ తర్వాత చూద్దాం అంది. వెళ్ళింది పాపం.

ఆ క్లాసులో ఏం చేయిస్తారో తెలుసా? ప్లాస్టిక్ బొమ్మకి స్నానం! మేడమీద ఆమె బొమ్మకి నీళ్ళు పోస్తుంటుంది, కింద నేను ఆమె కూతురికి పోస్తుంటాను. బొమ్మ ఏడవదు, జారదు, సబ్బు నాకదు. నూటికి తొంభై ఆరు మార్కులొచ్చాయి. కిందికొచ్చి, "మిగతా నాలుగూ ఎక్కడ పోయాయి పెద్దమ్మా?" అంది. "చెవుల వెనకాల" అన్నాను. నిజమనుకుని ఆ వారమంతా బాధపడింది. అంత అమాయకురాలు. నేనేం చెప్పినా నమ్ముతుంది.

సరే, సరే. ఎర్రగీత దగ్గరికే వస్తున్నాను.

ఇక్కడి ఆయాలకి ఒక కట్టుబాటుంది. ఏ పుస్తకంలోనూ ఉండదు, మీ కంప్యూటరుకి అసలే తెలీదు. వారానికోసారి చూడ్డానికొచ్చే తల్లి ఉన్న పిల్లకి మొదటి పన్ను వచ్చినా, మొదటి మాట వచ్చినా, మేం చూడం. కళ్ళెదురుగా జరిగినా చూడం. పట్టికలో 'రాలేదు' అని రాస్తాం. తల్లి వచ్చి, నోట్లో వేలు పెట్టి, "పెద్దమ్మా, పన్ను!" అని గావుకేక పెడితే, "అవునా? ఏదీ? నిజమే సుమా!" అని అందరం నోళ్ళు వెళ్ళబెడతాం. అప్పుడు రాస్తాం 'వచ్చింది' అని. దీని పన్ను నేను పదకొండు రోజులు చూడలేదు. అప్పటికే నా వేలు కొరికేసింది. బకెట్టు రక్తం పోయింది. సరే, బకెట్టు కాదు. చెంచా.

దొంగ రాతలంటారా? అనండి. వారానికి గంటే దక్కే మనిషికి ఆ గంటలో ఏదో ఒకటి జరగొద్దూ?

ఐదు వారాల కిందట, శుక్రవారం పొద్దున, దొరసాని మంచం కోడు వదిలేసి నడిచింది. ఉతికిన గుడ్డల కుప్ప దాకా, ఆరడుగులు. నేను గోడవైపు తిరిగి, ఏమీ చూడలేదని గోడకి చెప్పాను. పట్టికలో రాశాను, నడక: రాలేదు.

ఆ గురువారం తల్లికి సెలవు దొరకలేదు, హోటల్లో ఎవరిదో పెళ్ళి. తర్వాతి గురువారం పెద్ద ఆఫీసరు వస్తున్నారని తల్లులొచ్చి పిల్లల్ని కలిసే గదికి రంగులు వేశారు. ఆయన రాలేదు, రంగు ఆరలేదు. మూడో గురువారం ఇద్దరు పిల్లలకి గవదబిళ్ళలు, బయటివాళ్ళెవరూ రాకూడదన్నారు. ఇక్కడ పిల్లేమో నడుస్తోంది, పరిగెడుతోంది, కాస్త ఆగితే రైళ్ళతో పందెం వేసేట్టుంది. పట్టికలో మాత్రం రాలేదు, రాలేదు, రాలేదు. మీ కంప్యూటరు కంగారుపడి డాక్టర్ని పంపింది.

డాక్టరొచ్చిన రోజు దీన్ని కిందికి దించలేదు నేను. ఒళ్ళోనే బిగించి పట్టుకున్నాను. ఆయన చిన్న సుత్తితో మోకాలు తట్టాడు, ఇది ఆయన కళ్ళజోడు పీక్కుంది. 'కాళ్ళ బలహీనత ఉండొచ్చు' అని రాసుకుని పోయాడు. చేతుల బలం గురించి ఒక్క ముక్క రాయలేదు, చూశారా?

అప్పుడే చెప్పొచ్చు కదా అంటారు. వారమే కదా, గురువారం తల్లి కళ్ళారా చూస్తుంది, నేను 'వచ్చింది' అని రాసేస్తాను, మీ ఎర్రగీత పచ్చబడుతుంది అనుకున్నాను. ఆ గీత వ్యానెక్కి వస్తుందని నాకేం తెలుసు?

ఇప్పుడు నేలమీద దించి చూపించమంటారా? చూపించను. మీరు ఆఫీసరు, తల్లి కాదు. ఇవాళ గురువారం, పదకొండింటికి ఆమె వస్తుంది. అందుకే ఆగమంటున్నాను.

ఏమిటి, తల్లులు సంతకం పెట్టే ఆ రిజిస్టరు తిరగేస్తున్నారు?

పోయిన గురువారమా?

...ఉంటుంది ఆమె సంతకం. వచ్చింది కాబట్టి ఉంటుంది.

మీరు చిన్నవాళ్ళనుకున్నాను. కళ్ళు మాత్రం ముసలివి.

వచ్చింది. కొత్తగా రంగు వేసిన ఆ గదిలో మోకాళ్ళమీద కూర్చుని చేతులు చాపింది. ముంజేతుల నిండా ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. ఇది నా ఒళ్ళోంచి జారాలని గింజుకుంది. నేను వదల్లేదు. నడుం చుట్టూ చెయ్యి వేసి నొక్కి పట్టుకుని, "ఇంకా కాళ్ళు నిలవడం లేదమ్మా, తొందరపెట్టకు" అన్నాను. నమ్మింది. "మీరుండగా నాకు భయం లేదు పెద్దమ్మా" అని కూడా అంది. గంటసేపు అలాగే పట్టుకున్నాను. నాలుగు రోజులు భుజం నొప్పి.

ఎందుకని అడగరేం?

వచ్చే నెల కోర్టుంది. క్లాసులైపోయాయి, హోటలువాళ్ళు పగటి షిఫ్టు ఇచ్చారు, పిల్లని చూసుకునే మనిషి దొరికింది. ఇంక పిల్ల నడిచి తల్లి చేతుల్లోకి పోయిందని పట్టికలో పడితే ఏ జడ్జి ఆపుతాడు? ఇన్నేళ్ళలో నాలుగువేలమందిని పంపించాను. సరే, నాలుగొందలు. గేటు దాకా వెళ్ళి చెయ్యి ఊపి, లోపలికొచ్చి ఇంకో పిల్లకి పాలు పట్టాను. ఒక్కళ్ళనీ ఆపలేదు. దీన్ని ఇంకొన్నాళ్ళు ఉంచుకుందామనుకున్నాను. అంతే. కట్టుబాటూ లేదు, మట్టిగడ్డా లేదు. ఆ రోజు ఆ కట్టుబాటు పేరు అడ్డం పెట్టుకున్నాను.

బాగా ఉంచుకున్నాను కదూ! తల్లికి దక్కనివ్వలేదు, నాకూ దక్కలేదు, మీ వ్యానుకి దక్కబోతోంది.

అందుకని ఆ అప్పగింత కాగితం మీద సంతకం పెట్టను. ఇంకో కాగితం తియ్యండి. పిల్ల నడుస్తోంది, ఆయా తెలిసి తెలిసీ తప్పు రాసింది అని రాయండి. దాని కింద అరచెయ్యంత సంతకం పెడతాను. ఉద్యోగమా? తీసెయ్యమనండి. తొమ్మిదిమంది పిల్లల కళ్ళలోకి ఆ సూపరింటెండెంటుగారే చూస్తారు, ఇరవయ్యేసి నిమిషాలు.

అదిగో, గేటు చప్పుడు. ఆమే. చెప్పులు ఈడ్చుకుంటూ పరిగెత్తుకొస్తుంది ఎప్పుడూ.

ఇదిగో, పట్టుకోండి దీన్ని. అలా కాదు, బ్యాడ్జీ లోపల పెట్టుకోండి. తీసుకెళ్ళి ఆ గుమ్మం దగ్గర దించి, వెనక్కి జరగండి. పిలవొద్దు, చప్పట్లు కొట్టొద్దు. దానికి తెలుసు. నేను రాను. నా చేతులమీద నాకు నమ్మకం లేదు.

వెళ్ళండి. ఎన్నడుగులు వేసిందో వచ్చి చెప్పండి. నాలుగేస్తే నలభై అని చెప్పండి. నాకేం, నమ్ముతాను.