పరదేశి గంప

కూర్చోమనకండి అయ్యగారూ, కూర్చోడానికి రాలేదు. నిన్న ఆదివారం మీరు చెప్పిన ప్రసంగం సంగతి తేల్చుకుందామని వచ్చా.

దేవుడంటే పైనెక్కడో ఉన్నవాడు కాదన్నారు. మనలో ఉన్న ప్రేమకి మనం పెట్టుకున్న పేరన్నారు. మన మాటల్లో, మన ప్రార్థనల్లో తప్ప విడిగా ఎక్కడా లేడన్నారు. ఎనభై మూడులో ఇంగ్లండు వెళ్ళి మూడేళ్ళు చదివి తెచ్చింది ఇదా? నూజివీడు మేష్టర్లు తెగ తలలూపారు. వాళ్ళకేం, చావబోతున్నది వాళ్ళు కాదుగా.

చావబోతున్నది మామిడితోట పరదేశి. వాడెలా పడ్డాడో తెలుసా మీకు? ఏటా మొదటి కోతలో గంపెడు రసాలు చర్చి బల్ల మీద పెడితేగానీ వాడు కాయ కొరికి ఎరగడు. ఈ ఏడూ ఆ గంప కోసమే చెట్టెక్కాడు. చిటారుకొమ్మ కాయలకి ఎండ బాగా తగుల్తుందని, దేవుడికి అవే ఇవ్వాలని వాడి పిచ్చి. కొమ్మ విరిగింది, వాడి నడుమూ విరిగింది. మంచంలో పడి కూడా గంప మటుకు పంపించాడు.

నిన్న ప్రసంగం అవగానే చూడ్డానికి వెళ్ళారు, మంచిదే. గంప దేవుడికి చేరిందా అని వాడడిగితే, ఆఁ చేరింది అంటే మీ సొమ్మేం పోయింది? అందుకోడానికి అవతల ఎవరూ లేరు, ఇవ్వడంలోనే దేవుడున్నాడు అని పాఠం చెప్పొచ్చారు.

అప్పట్నుంచీ నీళ్ళు కూడా ముట్టట్లేదు. అయ్యగారిని పిలుస్తాం, ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకోరా అంటే గోడవైపు తిరిగిపోయాడు. నాతో ఒకటే మాటన్నాడు. “అవతల ఎవరూ లేకపోతే, ముప్పై ఏళ్ళూ నేను గంప ఎవరికిచ్చాను తులసమ్మా?”

ఏంటీ? మీ మనస్సాక్షి ఒప్పుకోదా? బావుంది. దేవుడుండేదే మన మాటల్లో అన్నది మీరేగా? ఆ మాటే ఒకటి వాడికి పారెయ్యమంటున్నా. దానికీ పిసినారితనమేనా?

నా సంగతీ వినండి, ఎవరికీ చెప్పలేదు. పాతికేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే బైబిలు స్త్రీని. ఆగిరిపల్లి నుంచి రెడ్డిగూడెం దాకా ఎన్ని మంచాల పక్కన మోకరించానో నాకే తెలీదు. మా అమ్మాయి భారతి ఆరేళ్ళప్పుడు మెదడువాపు జ్వరంతో పోయింది. ఆ తర్వాత నేను చేసిన ఒక్క ప్రార్థనా ఎవరో వింటున్నారనుకుని చేసింది కాదు. మీకు మూడేళ్ళు పట్టింది, నాకు మూడు రోజుల జ్వరం చాలింది. అయినా పోయేవాళ్ళ ముందు ఏనాడూ బయటపడలేదు.

పొద్దున్నే వాడికి చెప్పా, చేరిందిరా అని. నమ్మలేదు. తులసమ్మ జాలిపడి ఏదైనా చెప్తుందిట, అయ్యగారైతే అబద్ధం ఆడరట.

ఏం చేస్తాం, మీ కాళ్ళ దగ్గరికి రావాల్సొచ్చింది. ఆ తెల్ల అంగీ తొడుక్కోండి, రిక్షా బయటే ఉంది.