చుట్టుదారికి లెక్క కట్టినవారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం, జూలై మూడవ తేదీ ఉదయాన మన విమాన మార్గ ప్రణాళికా విభాగంలో సహాయకునిగా చేరిన ఆ యువకుడు, వారం తిరగకుండానే "దారం మాస్టారు" అయి కూర్చున్నారు. రెండు విమానాశ్రయాల మధ్య దగ్గరి దారి ఏదని ఎవరడిగినా గ్లోబు మీద దారం లాగిపట్టి, "పటంలో గీత చూసి మోసపోకండి బాబూ, భూమి గుండ్రంగా ఉంది!" అని నవ్వేవారు. కంప్యూటర్లు వచ్చి దారానికి పని లేకుండా చేసినా, ఆ పేరు మాత్రం వారిని వదలలేదు.

క్రమక్రమంగా ప్రధానాధికారి పదవి నధిష్ఠించిన వారు, గాలివాటం, బరువు, ఇంధనం బేరీజు వేసి ప్రయాణకాలంలో నాలుగు నిమిషాలు తగ్గించగలిగితే ఆడపెళ్లివారిలా హడావుడి పడేవారు. పొరుగుదేశానికి అవతల, వారి అక్కగారు కాపురముంటున్న నగరానికి రెండు గంటల మార్గం రూపొందించినది వారే. తల్లిలేని తమ్ముణ్ణి చంకనెత్తుకొని పెంచిన ఆ అక్కగారు, మొదటి విమానం ఎగిరిన రోజున ఫోన్ చేసి, "రెండు గంటలేనా! అయితే పొయ్యి వెలిగించి నీకు కబురు పెడితే చాలురా, అన్నం చల్లారేలోపు వచ్చేస్తావు" అన్నారట.

నిరుడు ఆ పొరుగుదేశం తన గగనతలాన్ని మూసివేసింది. చుట్టుదారికి లెక్క కట్టమన్న ఆదేశం, అక్కగారు మంచాన పడిన రోజుల్లోనే, వారి బల్ల మీదికి వచ్చింది. రెండు గంటలు కాస్తా ఆరయ్యాయి.

"అత్యవసర ఇంధనం కాస్త తగ్గించి చూపండి మాస్టారూ, బరువు తగ్గి సర్వీసు నిలబడుతుంది. మీ అక్కగారి ఊరు కదా!" అని పక్కబల్ల వద్ద పనిచేసే ఆమె బతిమాలింది.

"గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారమనమంటావా అమ్మా? ఎక్కేవాళ్లకీ అక్కలుంటారుగా."

ఉన్న లెక్క ఉన్నట్టు రాసి సంతకం చేశారు. పై వారమే సర్వీసు రద్దయింది.

ఇతర దేశాల మీదుగా తామైనా అక్కగారి వద్దకు వెళ్లేందుకు మాస్టారు రెండుసార్లు వీసా కోరి, రెండుసార్లూ భంగపడ్డారు. ఇప్పుడు ఫోనులో అక్కగారిది ఒకటే మాట: "ఎప్పుడొస్తావురా?" జీవితమంతా ఏ విమానం ఎప్పుడు దిగేదీ చెప్పిన మనిషి, ఆ ప్రశ్నకు మాత్రం "చూద్దాంలే అక్కా" అని నీళ్లు నములుతుంటే, పక్కబల్ల వద్ద ఆమె సర్దిన కాగితాలనే మళ్లీ సర్దుతుండేది. ఏమి చేయగలదు గనుక! ఎవరు మాత్రం ఏమి చేయగలరు!

మాస్టారి పదవీ విరమణ సంచికకు ఈ వ్యాసం రాసే బాధ్యత ఆమెకే అప్పగించారు. నిండు నూరేళ్లు వర్ధిల్లాలన్న ముగింపు వాక్యం చదివి వినిపించగా, మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకెందుకమ్మా నూరేళ్లు, ఏం చేసుకోను? రాసేదేదో మా అక్కకి రాయి. దారి తెరిచేదాకా ఉంటే చాలు."

పెద్దల మాట జవదాటరాదు గనుక, వారికై సిద్ధపరచిన ఆయురారోగ్యాలన్నింటినీ ఈ కార్యాలయం యావత్తు ముందుగా ఆ అక్కగారికే కోరుకుంటున్నది. మిగిలితే, వారికి.