బెల్లం ముద్ద

నిజామాబాదులోని ఆడవాళ్ల దవాఖానలో కొత్త నర్సు గోదావరికి అది రెండో రోజు. వార్డు గుమ్మం దగ్గరే పెద్ద నర్సు రేణుకమ్మకు దొరికిపోయింది.

“ఏమన్నవే గోదావరీ? ఉన్నదున్నట్టు చెప్పు.”

“ఏమనలే రేణుకక్కా. పిల్లగాడు ముద్దుగున్నడన్న.”

“గంతేనా?”

“బొద్దుగున్నడన్న.”

“గంతేనా?”

“బెల్లం ముద్ద లెక్కున్నడు, కొరుక్క తిన బుద్ధయితుందన్న.”

“నీ నోట్లె మన్నువడ! పురిటి పిల్లగాన్ని కొరుక్క తింటనన్నవా?”

“ప్రేమతోనే అన్ననక్కా...”

“కిటికీ అవతల బండి మీద వాని తాత కూసున్నడు. అన్నీ ఇన్నడు. నర్సు దిష్టి తాకింది, మూట గట్టుండ్రి, మన ఊరు కోటగిరి పోదామని ఒక్కటే లొల్లి. తల్లి ఒళ్లేమో జరంతోని కాలుతుంది. గంత దూరం బండిల కుదిపితే దక్కుతదా ఆ పిల్ల?”

“నా కొలువు పోతదా అక్కా?”

“కొలువు కోసం తర్వాత ఏడువు. ముందుగాల ఆ బాలింతను పోకుండ ఆపు.”

“నువ్వొచ్చి చెప్పరాదక్కా?”

“నేను చెప్తే కాదు. ఏ నోరు మెచ్చిందో ఆ నోరే తిట్టాలె. అప్పుడే దిష్టి పోయిందంటరు. పట్టీ కట్టుడు, జరం చూసుడు ఎవలైనా నేర్పుతరు, గిది నేర్పరు. ఎంత ముద్దొచ్చినా మొకం చిట్లించుకోని, ‘ఏందమ్మా గీ నల్ల కోతి’ అనాలె.”

“అబద్ధం కాదా?”

“అబద్ధమే. పో.”

గోదావరి వార్డులోకి వెళ్లి, బాలింత మంచం పక్కన మూట కడుతున్న పిల్లగాడి నాయనమ్మ దగ్గర నిలబడింది.

“వెంకటవ్వా, మూట కట్టుడు కాలేదా?”

“కట్టిన బిడ్డా. ముడి సక్కగ రాలే. ఇప్పి మళ్ల గడుతున్న.”

“ఇందాక గూడ ఇప్పినవు గదా?”

“ముసల్దాన్ని, చేతుల సత్తువ లేదు. నువ్వు నా మనుమని దిక్కు సూడకు, మా ఆయన మళ్ల లొల్లి వెడ్తడు.”

“నీ కోడలికి జరం తగ్గేదాంక కదలొద్దన్నది డాక్టరమ్మ.”

“నాకు చెప్తే ఏమొస్తది?”

“అవ్వా, పొద్దుగాల నేను సరిగ సూడలే. ఇప్పుడు వెలుతుర్ల సూస్తే... నీ మనుమడు గంత ముద్దుగేం లేడు.”

“ఏందీ?”

“ముక్కు సప్పిడిగుంది.”

“ఊఁ.”

“చెవులు మేక చెవులు.”

“ఊఁ, ఇంకా?”

“మొత్తం చెరుకు పిప్పి లెక్కున్నడు. గిసొంటి బక్కోన్ని బండెక్కిస్తే ఊరు చేరుతడా? ...కోపమొచ్చిందా అవ్వా? తిట్టకు, నేను—”

“తిట్టుడెందుకు బిడ్డా? గంత మెల్లగంటవేంది? కిటికీ కాడికొచ్చి గట్టిగ అను, మా ముసలోనికి ఇనవడాలె. పొద్దటి సంది గీ మూట ఇప్పి ఇప్పి నా యేళ్లు నొస్తున్నయి!”