పక్క కుర్చీ

సీతమ్మధారలో శ్రీసత్య ఇల్లు, ఆదివారం పొద్దున్న. ఆమెతో పాటు తల్లి గంగాభవాని ఉంది. వచ్చినవాడు ఉమాశంకర్, పోర్టులో ఇంజినీరు, యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి. శ్రీసత్యా అతనూ ఒకే క్లాసులో చదివారు.

“కుర్చీ దగ్గర ఇంత గొడవేటి సత్యా? నాను చెప్పేది పూర్తిగా విను.”

“వింటన్నాను శంకర్. నిన్న ఫోన్లో విన్నాను, ఇప్పుడు ఇంటికొచ్చి చెప్తే మళ్లీ వింటన్నాను. అవార్డు ఇచ్చేటప్పుడు స్టేజీ మీద నాకు రెండు కుర్చీలేత్తారు. ఒకటి నాకు, పక్కది గవర్రాజుకి. అదే కదా?”

“నీ ఒక్కదానికే కాదు, అందరికీ అలాగే. ఈ ఏడు తీసుకుంటన్నవాళ్లు ఐదుగురు. మిగతా నలుగురూ భార్యల్తో కూచుంటారు. మొదట్నుంచీ మన సంఘం పద్ధతది. దంపతుల్ని కూచోబెట్టి, శాలువాలు కప్పి, సన్మాన పత్రం చదివి…”

“ఆ నలుగురి పెళ్లాలూ ఇంట్లో ఉన్నారు. నా మొగుడు నన్నొదిలేసి పదేళ్లయింది.”

“విడాకులు కాలేదు కదా.”

“కాలేదు. అతనూ అడగలేదు, నానూ అడగలేదు. రాజమండ్రిలో ఇంకొకామెతో అతని కాపురం అతను చేసుకుంటన్నాడు. నీకు తెలీని సంగతేటి ఇది?”

“తెలుసు. అయినా ఊరికి తెలియాలనేటుంది? పిన్నీ, మీరైనా చెప్పండి.”

“నానేటి సెప్తాను బాబూ. ముందు ఆ కాఫీ తాగు, సల్లారిపోతంది.”

“తాగుతాను. మీరు ఒక్కమాట అనండి.”

“ఇదుగో సత్యా, ఇటు సూడు.”

“అమ్మా, నువ్వు మొదలెట్టకు.”

“నాను అనేది ఒక్కటే. పది నిమిషాలు కూచుంటే ఏటి పోయింది? పక్కన కూచుంటాడు, జనం సప్పట్లు కొడతారు, దిగి ఎల్లిపోతాడు. ఏవో, ఆ కూచున్న కాసేపు మనసు ఎటు తిరుగుతాదో ఎవుడికి తెలుసు.”

“మనసు తిరగడానికి అది గానుగెద్దు కాదమ్మా.”

“నువ్వు నవ్వుతావు. నాకు నిద్ర పట్టదు. నా తరవాత ఒక్కదానివీ ఎలాగుంటావో అని.”

“ఇప్పుడెలా ఉన్నాను?”

“ఇప్పుడు నానున్నాను కదా.”

“చూసావా సత్యా, పిన్ని ఎంత బెంగ పెట్టుకుందో. ఆవిడ కోసమైనా…”

“అమ్మని అడ్డం పెట్టకు శంకర్. ఇంతకీ ఈ అవార్డు నాకెందుకిత్తన్నారు?”

“అదేం ప్రశ్న?”

“చెప్పు. ఆ రోజు మైకులో చదువుతావు కదా.”

“కరిగిన ఉక్కు పోసే పెద్ద గిన్నెలు ఎక్కడ పల్చబడతన్నాయో, చిల్లు పడకముందే కనిపెట్టే పద్ధతి తయారుచేసావని. దానికి ఢిల్లీలో జాతీయ పురస్కారం వచ్చిందని. మన యూనివర్సిటీ బిడ్డవని.”

“ఇందులో గవర్రాజు ఎక్కడున్నాడు?”

“అలా అంటే ఎలా. మిగతా వాళ్ల భార్యలు మాత్రం ఏం చేసారు? సహకారం. కుటుంబ సహకారం లేకుండా ఎవుడూ పైకి రాడని మనవాళ్ల నమ్మకం.”

“అయితే అదే రాయండి. ‘వీరి భర్త ఇల్లొదిలి ఎల్లిపోయి, సాయంత్రాలు వీరు నిమ్మళంగా పని చేసుకునేందుకు సహకరించారు.’ నాను ఒప్పుకుంటాను.”

“నీతో ఇదే సత్యా. కాలేజీలోనూ ఇంతే.”

“ఢిల్లీలో నా పేరు పిలిచారు. ఎల్లాను, తీసుకున్నాను, దిగాను. మీ ఆయనేడమ్మా అని ఒక్కరూ అడగలేదు.”

“ఢిల్లీ వేరు. అక్కడ నువ్వెవరో ఎవరికీ తెలీదు. ఇక్కడ ముందు వరసలో కూచునేవాళ్లంతా మీ పెళ్లి భోజనం తిన్నోళ్లు.”

“తిన్నారు కదా. అరిగిపోయుంటాది ఈపాటికి.”

“నా మాట కాదిది. కమిటీ మాట. చలమయ్య గారు అధ్యక్షులు, మనకి పాఠాలు చెప్పిన పెద్దాయన. ఆడపిల్లని ఒక్కర్తినీ కూచోబెడితే బాగోదన్నారు.”

“నాకు యాభై రెండు. ఆడపిల్లేటి?”

“ఆయనకి అందరూ పిల్లలే. సరే, ఇంకో సంగతి చెప్తాను, కోప్పడకు.”

“చెప్పు.”

“కోప్పడనని చెప్పు ముందు.”

“చెప్పు శంకర్.”

“మొన్న గవర్రాజుకి ఫోన్ చేసాను.”

“నన్నడక్కుండా.”

“అడిగితే వద్దంటావని. వత్తానన్నాడు సత్యా. చాలా సంతోషించాడు.”

“వత్తానన్నాడా? నిజవేనా బాబూ?”

“నిజం పిన్నీ. వెంటనే ఒప్పుకున్నాడు.”

“అమ్మా, నువ్వు కూచో. లేవకు.”

“ఉండవే. బాబూ, ఏటన్నాడో అంతా సెప్పు. మొదట్నుంచి సెప్పు.”

“మంచిగానే మాటాడాడు పిన్నీ. సత్యకి ఇది రావాల్సిందే అన్నాడు. ఫంక్షన్ ఎప్పుడు, ఎక్కడ అనడిగాడు. సూటు వేసుకోవాలా, పంచె కట్టుకోవాలా అనడిగాడు.”

“ఊఁ.”

“శాలువా ఇద్దరికీ విడివిడిగా కప్పుతారా అనడిగాడు. కప్పుతామన్నాను.”

“ఊఁ. ఇంకా?”

“మంత్రిగారు వత్తారా అని. పేపర్లో ఫోటో పడితే పేర్లు వరసగా ఏత్తారా అని. సరదా మనిషి కదా.”

“సత్య ఎలాగుందని అడిగేడా?”

“అంటే… అప్పటికి సిగ్నల్ సరిగ్గా లేదు పిన్నీ.”

“సూటు సంగతి అడిగినప్పుడు ఉంది కదా బాబూ సిగ్నలు.”

“పిన్నీ…”

“పోనీ నా సంగతి అడిగేడా? ముసిల్ది ఉందా, పోయిందా అని?”

“లేదు పిన్నీ. అడగలేదు.”

“అమ్మా, వదిలెయ్. కాఫీ గ్లాసులిలా ఇయ్యి, నాను తీత్తాను.”

“నువ్వుండు. శంకరం, నీకో మాట సెప్తాను. ఆయన ఎల్లిపోయిన రోజు బేగు సర్దింది నానే. ఆఫీసు పని మీద నాలుగు రోజులెల్తన్నానత్తయ్యా అన్నాడు. అక్కడ కూరలు బాగోవేమోనని ఆవకాయ కట్టిచ్చాను. గుమ్మం దాకా ఎల్లి, వర్సం వచ్చేలాగుంది, గొడుగు పట్టుకెళ్లు బాబూ అన్నాను. ఎల్లొత్తానన్నాడు. ఎల్లొత్తానన్నోడు రావాలి కదా. రాకపోతే ఎల్తన్నానని సెప్పాలి. ఇన్నేళ్లూ నాను ఆ గుమ్మం దగ్గరే నిలబడ్డాను.”

“అందుకే పిన్నీ, ఇప్పుడొత్తాడు కదా…”

“శాలువాకొత్తన్నాడు. వద్దు. ఆ కుర్చీ వద్దు.”

“మీరూ అలా అంటే ఎలా?”

“ఇప్పటిదాకా మా అమ్మాయి పక్కన ఎవుడో ఒకడుండాలని ఏడిసింది నానే. నానే సెప్తన్నాను. వద్దు.”

“విన్నావా శంకర్?”

“విన్నాను. పోనీ, మధ్యే మార్గం ఆలోచిద్దాం. గవర్రాజు వద్దు. మీ తమ్ముడు గానీ, బాబాయి గానీ… ఎవరో ఒక మగ దిక్కు.”

“దిక్కు కావాలంటే సముద్రం వైపు కుర్చీ తిప్పుకుంటాను. అంతగా రెండోది వెయ్యాల్సిందేనంటే మా అమ్మని కూచోబెట్టండి.”

“పిన్నినా?”

“నన్ను చదివించింది ఆవిడే. నీ సహకారం లెక్క ప్రకారం చూసినా ఆవిడదే కుర్చీ.”

“కాదనను. కానీ దంపతులకి చేసే సన్మానంలో… పిన్నీ, తప్పుగా అనుకోకండి…”

“మొగుడు పోయిందాన్నని కదా. అనుకోను బాబూ. దీని పెళ్లిలోనే పీటల మీద కూచోనివ్వలేదు, మా బావగారూ తోటికోడలూ కూచున్నారు. నాను తలుపు సందులోంచి సూసాను.”

“అందుకే ఇప్పుడు కూచో అమ్మా. అందరూ చూత్తుండగా కూచో.”

“కూచోను.”

“ఎందుకు? భయమా?”

“భయం ఎప్పుడూ ఉంటాది. దానికి కాదు. నాను నీ పక్కనెక్కి కూచుంటే జనం ఏటనుకుంటారు? పాపం, మొగుడు లేడని తల్లిని తెచ్చుకుంది అనుకుంటారు. ఆ ‘పాపం’ నీకొద్దు. ఢిల్లీలో ఎవర్ని పక్కనెట్టుకుని ఎక్కేవు? నాను కింద కూచుంటాను. ముందు వరసలో. తలుపు సందులోంచి కాదు.”

“అయితే ఒక్కటే కుర్చీ శంకర్. ఓ పక్కకి నెట్టి కాదు, మిగతా వాళ్ల వరసలోనే వెయ్యండి. కుదరదంటే నా పేరు తీసెయ్యండి.”

“నీ పేరెలా తీసేత్తాం? ఆహ్వాన పత్రం రేపు ప్రెస్సుకెళ్లాలి. అందరికీ చెప్పేసాం.”

“అయితే ఒక్క కుర్చీ.”

“చలమయ్య గారు ఒప్పుకోరు సత్యా. నాను ఎన్ని విధాల చెప్పి చూసానో నీకు తెలీదు.”

“ఏం చెప్పి చూసావు?”

“నీ తరఫునే. ఆవిడకి ఇష్టం లేదండీ, బలవంతం చెయ్యొద్దండీ అని. ఆయన వినలేదు.”

“నువ్వొచ్చే ముందే ఆయనకి ఫోన్ చేసాను.”

“ఎవరికి?”

“చలమయ్య గారికి. కుర్చీ సంగతి నేరుగా అడుగుదామని.”

“ఏటన్నారు?”

“‘నాకేం అభ్యంతరం లేదమ్మా, నీకెలా కావాలంటే అలా కూచో. ఉమాశంకరే పట్టుబడతన్నాడు, ఒక్క కుర్చీ వేత్తే సంఘం పరువు పోతాదంటన్నాడు’ అన్నారు.”

“పెద్దాయన… మర్చిపోతుంటారు.”

“నా రోల్ నంబరు కూడా చెప్పారు శంకర్. మర్చిపోయే మనిషి కాదు.”

“సరే. నానే అన్నాను. నీ మంచి కోసమే అన్నాను.”

“నా మంచేటో నాకు తెలుసు. నీ సంగతి చెప్పు. గవర్రాజుకి నువ్వే ఫోన్ చేసావు. కమిటీ పేరు చెప్పి నన్ను నువ్వే ఒప్పించాలని చూసావు. ఇంత పట్టుదలేటి నీకు? అతను నీకేమన్నా చుట్టమా?”

“కాదు.”

“మరి?”

“ఒక్కదానివీ అక్కడ కూచోవడం నువ్వనుకున్నంత తేలిక కాదు. దీపాలు మొహం మీద పడతాయి. ఒక్కొక్కళ్లూ వచ్చి నమస్కారం పెట్టి, మేడంగారొక్కరే వచ్చారా అంటారు. ప్రతివాడికీ ఏదో ఒకటి చెప్పాలి.”

“ఒక్కదాన్నే వచ్చానని చెప్తాను.”

“అంతేనా?”

“అంతే. ఆ మాటకి అంతకంటే పొడుగు జవాబు లేదు.”

“నువ్వు… నువ్వు చెప్పేత్తావు.”

“చెప్పేత్తాను. నువ్వు అన్నీ దగ్గరుండి చూసొచ్చినట్టు చెప్తన్నావు.”

“చూడక్కర్లేదు. ఊహించుకుంటే చాలు.”

“బాబూ శంకరం, ఇలా సూడు. మీ ఆవిడ ఈశ్వరితో అన్నావా ఈ సంగతి? ఆడమనిసి కదా, ఆమె ఏటంటాది?”

“ఈశ్వరి ఇంట్లో లేదు పిన్నీ.”

“ఊరెల్లిందా?”

“భీమిలిలో ఉంది. వాళ్లన్నయ్య దగ్గర.”

“ఎప్పుడొత్తాది?”

“చాలా పొద్దయింది పిన్నీ, నాను ఎల్తాను.”

“బాబూ.”

“రాదు పిన్నీ.”

“రాదంటే?”

“రానని చెప్పే ఎల్లింది. మీ అల్లుడిలాగ కాదు. గుమ్మంలో నిలబడి, నాను మళ్లీ రానండీ అని చెప్పి ఎల్లింది.”

“ఎన్నాళ్లయింది శంకర్?”

“నిరుడు ఎండాకాలం.”

“మాకెవరికీ చెప్పలేదేం?”

“మా అమ్మాయికి పురుడు పొయ్యడానికెళ్లిందని చెప్పాను కొందరికి. మోకాళ్ల నొప్పులకి కేరళ వైద్యమని చెప్పాను కొందరికి. ఎవరికేం చెప్పానో గుర్తుండక, చుట్టాల ఇళ్లకి ఎల్లడమే మానేసాను.”

“నన్ను అడగొద్దంటే అడగను. అయినా దానికీ నా కుర్చీకీ సంబంధమేటి?”

“ఉంది.”

“ఏటది?”

“నిరుడు ఈ అవార్డు నాకే ఇత్తామన్నారు సత్యా. రెండు కుర్చీలేత్తారని వద్దన్నాను. ఇప్పుడు నువ్వు ఒక్కదానివీ ఎక్కి, కూచుని, నవ్వుతూ దిగొచ్చేత్తే… మరి నాను ఎందుకు వద్దన్నట్టు?”